చైర్మన్ చేతికిచ్చిన రిజిస్టరు

ఈ మధ్య ఒక కుర్ర హెడ్మాస్టరు మా ఇంటికి వచ్చాడు. చిత్తూరు పక్కన ఏదో హైస్కూల్లో కొత్తగా చార్జి తీసుకున్నాడట. కాఫీ తాగుతూ కాసేపు వానల గురించి, బదిలీల గురించి మాట్లాడి, చివరికి అసలు సంగతి బయటపెట్టాడు. వాళ్ళ స్కూలు కమిటీ చైర్మన్ సర్పంచ్‌గా నిలబడబోతున్నాడట. "చైర్మన్‌గా ఉంటూ నిలబడొచ్చా సార్? ఏ జీవోలో ఉండాది?" అని అడిగాడు.

నాకు నవ్వొచ్చింది. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో నేనూ ఒకసారి ఆ జీవో కోసం బీరువాలన్నీ వెతికాను. దొరకలేదు. దొరక్కపోవడమే మంచిదైందని ఇప్పుడు అనిపిస్తుంది. దొరికి ఉంటే తప్పంతా చైర్మన్ మీదికి తోసేసి, చేతులు దులుపుకుని, హాయిగా రిటైరై ఉండేవాణ్ణి. ఆ కుర్రాడికి ఆ రోజు కొంత చెప్పాను, కొంత చెప్పడం మరిచిపోయాను. అంతా కలిపి ఇక్కడ రాస్తున్నాను, అతని లాంటి వాళ్ళు ఇంకొందరు చదువుతారని. మనుషుల పేర్లు గానీ ఊరి పేరు గానీ రాయను. ఎందుకు రాయనో చదివితే మీకే తెలుస్తుంది.

అప్పుడు నేను పుత్తూరుకూ నగరికీ నడుమ ఒక ఊళ్ళో హెడ్మాస్టరుగా ఉన్నాను. రోడ్డుకు ఒక పక్క మామిడి తోటలూ చెరకు మడులూ ఉన్న రైతుల ఇళ్ళు. ఇంకో పక్క మూడు వీధుల నిండా పవర్లూములు. కరెంటు ఉన్నంతసేపూ ఆ మూడు వీధులు దడదడమంటూనే ఉండేవి. మా బడి రోడ్డు మీద, రెంటికీ మధ్యలో. పొద్దున ప్రార్థన చేయిస్తుంటే మగ్గాల చప్పుడుకు పిల్లలు గొంతు పెంచేవాళ్ళు. కరెంటు పోయిన రోజు ఆ అలవాటు కొద్దీ అలాగే అరిచి, తర్వాత సిగ్గుపడి తగ్గించేవాళ్ళు.

స్కూలు కమిటీలు కొత్తగా వచ్చిన కాలం అది. తల్లిదండ్రులే ఓట్లు వేసి కమిటీని ఎన్నుకున్నారు. చైర్మన్ అయినతను రైతు, యాభైకి దగ్గర పడ్డవాడు, మామిడి తోట ఉంది. చిన్న కూతురు మా బడిలోనే ఎనిమిదో తరగతి. మేము పంతుళ్ళం మొదట అతణ్ణి చూసి భయపడ్డాం, పెత్తనం చేస్తాడేమోనని. పెత్తనం చేయలేదు గానీ పని చేశాడు. ఆడపిల్లల మరుగుదొడ్లకు మేస్త్రీని తనే పిలుచుకొచ్చి, తలుపులు బిగించేదాకా ఎండలో స్టూలు వేసుకుని కూర్చున్నాడు. పొద్దున్నే గేటు దగ్గర నిలబడి, ఆలస్యంగా వచ్చిన మేష్టరుకు ముందుగా తనే నమస్కారం పెట్టేవాడు. ఒక్క మాట అనేవాడు కాదు. ఆ నమస్కారానికి తట్టుకోలేక మా వాళ్ళు తొమ్మిదిన్నర బస్సు మానుకుని, దాని ముందు బస్సు పట్టుకోవడం మొదలుపెట్టారు. నేను ఏళ్ళ తరబడి మెమోలు ఇచ్చి సాధించలేనిది అతను రెండు చేతులు జోడించి సాధించాడు. అందుకే అతనంటే నాకు గౌరవం. ఇప్పటికీ ఉంది. ఈ కథలో దుర్మార్గుడి కోసం వెతక్కండి.

ఇక రిజిస్టరు సంగతి చెప్పాలి. ప్రతి వేసవిలో బడి పంతుళ్ళం వీధులు పంచుకుని ఇంటింటికీ తిరిగేవాళ్ళం. ఏ ఇంట్లో ఎంతమంది పిల్లలు, ఎవరు చదువుతున్నారు, ఎవరు మానేశారు, ఎందుకు మానేశారు అని రాసుకోవాలి. ఇంటికి ఒక పేజీ. పేజీ చివర వెడల్పుగా ఒక కాలమ్ ఉండేది, రిమార్కులని. మా పంతుళ్ళు చాలామంది అందులో "నచ్చజెప్పాలి" అని రాసి ముందుకు సాగిపోయేవాళ్ళు. మా తెలుగు టీచరు మాత్రం అలా కాదు. నేత వీధులూ రోడ్డు పక్క ఇళ్ళూ ఆమె వంతు. కండెలకు నూలు చుట్టే ఆడవాళ్ళ పక్కన నేల మీద చతికిలబడి, అరగంట మాట్లాడి, విన్నదంతా గుండ్రటి అక్షరాలతో ఆ కాలమ్ నిండా రాసుకొచ్చేది.

సర్వే అయిపోయాక ప్రతి పేజీ కింద హెడ్మాస్టరు సంతకం ఉండాలి. చదివి ధృవీకరించానని దాని అర్థం. మా ఆఫీసులో పద్ధతి ఎలా ఉండేదంటే, పేజీ తిప్పడం అటెండరు పని, సంతకం నా పని, చదవడం ఎవరి పనీ కాదు. ఒక గంటలో నాలుగు వందల ఇళ్ళు ధృవీకరించిన ఘనత నాది.

ఆ ఏడాది నేత వీధిలో ఒక పిల్ల తొమ్మిదో తరగతి మంచి మార్కులతో పాసైనా, పదో తరగతికి ఇక రాదని ఇంట్లో చెప్పేశారు. ఇంట్లో కండెలు చుడుతోంది. తెలుగు టీచరు మూడుసార్లు వెళ్ళింది. మూడోసారి ఆ పిల్ల తల్లి బడి మాన్పించిన కారణం చెప్పుకుంది. ఇంటి గుట్టు. భర్తకు సంబంధించినది. అంతకంటే ఇక్కడ రాయను. ఆమె చేసిన తప్పేమీ లేదు, ఎవరికీ అన్యాయం చేయలేదు, వీధిలో తెలిస్తే తల ఎత్తుకోలేనని మాత్రం అనుకుంది. టీచరు కారణం రాసి, దాని కిందే ఇంకో వాక్యం రాసింది: "ఈ మాట బయటికి పోకూడదని తల్లి కోరినారు." ఆ వాక్యం కింద నా సంతకం ఉంది.

జూన్‌లో ఆ పిల్ల బడికి వచ్చింది. సాయంత్రం కరెంటు వచ్చే వేళకు కండెలు సిద్ధం చేయాలి గనుక ఆఖరి డ్రిల్లు పీరియడ్‌కు ఇంటికి పోనిచ్చేవాళ్ళం. రెండో బెంచీలో చివర కూర్చునేది. మా లెక్కల మేష్టరు ఎవరినీ పొగడని మనిషి, ఆయన కూడా ఒకరోజు స్టాఫ్ రూములో, "ఆ పిల్లకు నేను చెప్పాల్సింది సగమే సార్, మిగతా సగం ఆ పిల్లే చెప్తాది" అన్నాడు. పదో తరగతి గట్టెక్కితే ఆ ఇంటికి ఒక దారి దొరుకుతుందని మేమంతా అనుకున్నాం.

జూలైలో పంచాయితీ ఎన్నికల మాట ఊళ్ళో మొదలైంది. చైర్మన్ సర్పంచ్‌గా నిలబడతాడని అందరూ అన్నారు. నాకు సంతోషమే అయింది. ఆ వారంలోనే అతను నా గదికి వచ్చాడు.

"తల్లిదండ్రుల మీటింగు పెడదాం సార్. ఎన్నడూ పది మందికి మించి రారు గదా. ఈసారి నేనే ఇంటింటికి పోయి పిలుస్తా. ఆ సర్వే పుస్తకం ఒగ మూడు రోజులు ఇయ్యండి. ఎవురి పిల్లోళ్ళు యాడుండారో తెలిస్తే పిలిసేదానికి ఈజీగా ఉంటాది."

"తీసుకో అప్పా, మంచి పని" అన్నాను. రిజిస్టరు నలగకుండా దినపత్రికలో చుట్టి, పురికొస కట్టి నేనే అతని చేతిలో పెట్టాను. సరిగ్గా మూడో రోజు పొద్దున అదే దినపత్రికలో చుట్టి తెచ్చి ఇచ్చాడు. ఎంత క్రమశిక్షణ గల మనిషి అని మెచ్చుకున్నాను.

పది రోజులు గడిచాయి. మీటింగు శనివారం అనగా బుధవారం పొద్దున ఆ పిల్ల తల్లి బడికి వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. గడప బయటే నిలబడింది.

"పాప టీసీ ఇయ్యండి సార్."

"ఏమైందమ్మా? బాగా చదువుతా ఉండాది గదా?"

"సదివింది సాలు. రేణిగుంటలో మా అక్క ఉండాది, ఆడికి పంపించేస్తా."

"పదో తరగతి మధ్యలో బడి మారిస్తే పిల్ల చెడిపోతుందమ్మా. ఏం జరిగిందో చెప్పు."

ఆమె నా ముఖం కేసి చూసింది. కోపంగా కూడా లేదు. "మీకు తెలీదా సార్? నేను టీచరమ్మకు సెప్పుకున్నాను. టీచరమ్మ మీకు సెప్పింది. మీరు చైర్మన్‌కు సెప్పినారు. చైర్మన్ వీధికంతా సెప్పినాడు. ఇంగ ఎవురికి మిగిలుండాది సెప్పేదానికి?"

కొంచెం కొంచెంగా సంగతి రాబట్టాను. ముందురోజు చైర్మన్ పదిమందిని వెంటేసుకుని నేత వీధికి వెళ్ళాడు. జనం తీరిగ్గా ఉంటారని కరెంటు కోత వేళ చూసుకుని వెళ్ళాడు. మగ్గాలు ఆడుతుంటే ఆ వీధిలో ఒక ఇంటి మాట పక్కింటికి వినపడదు. మగ్గాలు ఆగితే మాత్రం ఈ చివర దగ్గితే ఆ చివర తెలుస్తుంది. అందరూ అరుగుల మీద కూర్చుని ఉన్నారు. చైర్మన్ ఆమె ఇంటి ముందు ఆగి, "సెల్లెమ్మా, నీ ఇంటాయన సంగతి నాకు తెలుసులే. దిగులు పడొద్దు. నేను గెలిస్తే మొదట కాలనీ ఇల్లు నీకే" అన్నాడట. సంగతేమిటని పక్కింటి వాళ్ళు అడిగితే వెంట ఉన్నవాళ్ళలో ఒకడు విడమరిచి చెప్పాడట. చైర్మన్ మంచి మాటే అన్నాననుకుని పక్కింటికి వెళ్ళిపోయాడు. అక్కడ ఇంకో తల్లికి ఇంకో మంచి మాట.

"రెండు రోజులు ఆగమ్మా, నేను చూస్తాను" అన్నాను.

"ఆగితే ఆ మాట ఎనక్కి వస్తాదా సార్?" అంది. అయినా, "శనివారం సాయంత్రం వస్తా, రాసి పెట్టండి" అని వెళ్ళిపోయింది.

తలుపేసుకుని రిజిస్టరు తీసి, ఆమె ఇంటి పేజీ మొదటిసారి చదివాను. బయటికి పోకూడదని కోరినారు. కింద నా సంతకం, తోక మెలి తిప్పి, ఎంతో అందంగా ఉంది.

ఆ మధ్యాహ్నమే మండల విద్యాధికారి దగ్గరికి వెళ్ళాను. నా తప్పు చెప్పలేదు. చైర్మన్‌గా ఉన్నవాడు ఎన్నికల్లో నిలబడితే రాజీనామా చేయాలని రూలేమైనా ఉందా అని మాత్రం అడిగాను. ఆయన నా కంటే చిన్నవాడు, లోకజ్ఞానం నా కంటే ఎక్కువ. "అట్లాంటి రూలేం లేదు సార్. ఉన్నా మీకెందుకు? ఆయన గెలిస్తే రేపు మీ బడికి బోరు వేయించేది ఆయనే గదా" అన్నాడు. రూలు లేదని వినగానే నాకు నిరాశ కలిగింది. అంటే నేను అప్పటికీ నా తప్పును అతని తప్పుగా మార్చే కాగితం కోసమే తిరుగుతున్నానన్నమాట. ఇది అప్పుడు తెలియలేదు.

మరుసటి రోజు చైర్మన్ తోటకు వెళ్ళాను. మామిడి కాపు అయిపోయి, చెట్ల మధ్య దున్నిస్తున్నాడు. నన్ను చూసి నులక మంచం వేయించాడు.

"చైర్మన్ పదవి వదిలేసి నామినేషన్ వెయ్యప్పా" అన్నాను.

"వదిలేస్తా సార్, మీరు సెప్తే వదలనా? రూలు యాడుండాదో సూపించండి, సాలు."

"రూలు లేదు."

"మరి?"

"నువ్వు చైర్మన్‌వని గదా నీకు రిజిస్టరు ఇచ్చినాను. సర్పంచ్‌కు నిలబడే మనిషివని ఇచ్చినానా?"

"రెండూ నేనే గదా సార్. మనిషి ఒకడే గదా" అన్నాడు. నిజంగానే అతనికి తేడా కనిపించలేదు. "అయినా నేనేమన్నా దొంగిలించినానా? మీరే పేపర్లో సుట్టి ఇస్తిరి. ఆయమ్మకు మేలు సేస్తామనే గదా సెప్పినాను. నిజంగానే ఇల్లు ఇప్పిస్తా సార్, సూడండి."

ఇప్పిస్తాడని నాకూ తెలుసు. అదే చిక్కు. అబద్ధం చెప్పేవాడైతే నేను సులభంగా కోప్పడి ఉండేవాణ్ణి. పేపర్లో చుట్టి ఇచ్చిన మాట గుర్తుచేశాక వాదించే ముఖం లేక, మజ్జిగ తాగి వచ్చేశాను.

శనివారం వచ్చింది. సోమవారం నామినేషన్లు. బడి ఆవరణలో చైర్మన్ షామియానా వేయించాడు, స్టేజీ కట్టించాడు, మైకు సెట్టు తెప్పించాడు. అతను అన్నట్టే జనం వచ్చారు. ఆ బడిలో నా ఎనిమిదేళ్ళలో అంతమంది తల్లిదండ్రులను ఎప్పుడూ చూడలేదు. ఒక మూల దండలు కూడా కనిపించాయి. ఎవరికో ఊహించడం కష్టం కాదు.

నేను నా గదిలో కూర్చుని ఉపన్యాసం రాసుకుంటున్నాను. రెండు రాత్రులు నిద్ర లేక ఒక నిర్ణయానికి వచ్చాను. స్టేజీ ఎక్కి, అందరి ముందూ, మైకులో, తప్పు నాదేనని ఒప్పుకోవాలి. మీ ఇళ్ళ సంగతులున్న రిజిస్టరును చదవకుండా సంతకం పెట్టి, చదవకుండా చైర్మన్ చేతికిచ్చాను, ఒక తల్లికి అన్యాయం జరిగింది, క్షమించండి అని చెప్పాలి. రాస్తుంటే నా మీద నాకే కొంచెం గౌరవం కలిగింది. వాక్యాలు బాగా కుదిరాయి కూడా.

తెలుగు టీచరు లోపలికి వచ్చింది. బుధవారం నుంచి ఆమె నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. కాగితం చూపించాను. నిలబడే చదివింది.

"ఇది మైకులో చెప్తారా సార్?"

"చెప్తానమ్మా. తప్పు చేసినప్పుడు ఒప్పుకోవాల గదా."

"ఒక తల్లికి అన్యాయం జరిగిందని చెప్తారు. ఎవురా తల్లి అని అందరూ అడుగుతారు. ఇప్పటిదాకా నేత వీధికే తెలుసు. రైతుల పక్క తెలీదు. మీరు చెప్పినాక ఊరంతా తెలుస్తాది." కాగితం టేబుల్ మీద పెట్టింది. "మీ మనసు తేలికయ్యేదానికి ఆయమ్మను మళ్ళా బజారుకు ఈడుస్తారా సార్?"

ఆమె నా కంటే పదిహేనేళ్ళు చిన్నది. నా సర్వీసులో పై అధికారులు చాలామంది నన్ను మందలించారు. ఏదీ గుర్తు లేదు, ఇదొక్కటే గుర్తుంది. కాగితాన్ని నాలుగు ముక్కలు చేశాను.

"మరి ఏం చెయ్యమంటావమ్మా?"

"మీటింగు తల్లిదండ్రులకూ టీచర్లకూ గదా సార్. స్టేజీతో ఏం పని?"

అంతే. బయటికి వెళ్ళి మైకు తీసుకుని ఒకే మాట చెప్పాను. ఈ రోజు ఉపన్యాసాలు ఉండవు, ఎవరి పిల్లలు ఏ తరగతిలో ఉంటే ఆ గదిలోకి వెళ్ళి క్లాసు టీచరుతో విడిగా మాట్లాడండి, ఒకరు మాట్లాడి బయటికి వచ్చాక ఇంకొకరు వెళ్ళండి అని. జనం ఒక్క క్షణం తికమకపడి, తర్వాత లేచారు. ఎండ కూడా గట్టిగానే ఉంది. పది నిమిషాల్లో షామియానా కింద చైర్మనూ, దండలు పట్టుకున్న ఇద్దరూ, ఖాళీ కుర్చీలూ మిగిలాయి. మైకు సెట్టువాడు మాత్రం ఇంకా హలో హలో అని పరీక్షిస్తున్నాడు.

చైర్మన్ నా గదిలోకి దూసుకొచ్చాడు. ముఖం ఎర్రబడింది. "ఊరంతా పిలిసింది నేను సార్! ఇంత మందిలో నన్ను ఇట్ట నిలబెడతారా? నేను మీకేం సేసినాను?"

నేను నోరు విప్పేలోపు తెలుగు టీచరు రిజిస్టరు పట్టుకుని వచ్చింది. అతని కూతురి క్లాసు టీచరు ఆమే.

"మీరు కూడా ఒక తండ్రే గదా, కూర్చోండి" అని, రోడ్డు పక్క ఇళ్ళ పేజీలు తిప్పి, ఒకచోట ఆపి, రిజిస్టరును అతని వైపు తిప్పింది. "ఇది మీ ఇంటి పేజీ. మీ ఇంటామె చెప్తే నేనే రాసినాను. మీరు నేత వీధుల పేజీలు చూసినారు, దీన్ని చూడలేదేమో."

అతను వేలు పెట్టి మెల్లగా చదివాడు. రిమార్కుల దగ్గరికి వచ్చేసరికి వేలు ఆగింది. మళ్ళీ మొదటి నుంచి చదివాడు. ఎర్రబడిన ముఖం పాలిపోయింది. రిజిస్టరు మూసేసి, దాని మీద రెండు చేతులూ పెట్టి కూర్చున్నాడు.

"దీన్ని ఎవురెవురు సూసినారు?"

"రాసిన నేను. ఇప్పుడు మీరు. సార్ సంతకం పెట్టినారు గానీ చదవలేదు" అంది టీచరు. నేను తల ఊపాను. చదవకపోవడం పనికొచ్చిన ఒకే ఒక్క పేజీ అది.

"మీ మీద నిలబడేవాళ్ళు ఎవురన్నా వచ్చి అడుగుతారని భయపడొద్దండి. ఎవురడిగినా ఇయ్యం. మీకు ఇయ్యడమే తప్పు. ఆడోళ్ళు బడిని నమ్మి చెప్పుకున్నారు. మీరు బడి మనిషి కాబట్టి మీ చేతికొచ్చింది. ఎలక్షన్‌కు పోయేటప్పుడు బడి వల్ల తెలిసింది బడిలోనే వదిలేసి పోవాల" అంది.

అతను రిజిస్టరును ఆమె వైపు జరిపాడు. తర్వాత లేచి స్కూటరు మీద ఇంటికి వెళ్ళి, అరగంటలో జిరాక్సు కాగితాల కట్టతో వచ్చాడు. "పుత్తూర్లో తీయించినా సార్. ఇంగ లేవు, నా బిడ్డ సాక్షిగా లేవు." ముగ్గురం కూర్చుని చించాం. మనుషుల ఇళ్ళు చించడానికి చాలాసేపు పట్టింది.

"రాజీనామా ఏమని రాయాల సార్?" అని అడిగాడు.

"నీకు తోచింది రాయప్పా."

"నేను ఎలక్షన్‌లో నిలబడతా ఉండాను కాబట్టి ఈ పని వదులుకుంటున్నాను" అని రాసి సంతకం పెట్టాడు. నేను వెతికిన జీవో అదే. అతనే రాసుకున్నాడు. లేచేటప్పుడు, "ఆయమ్మ ఇంటికి పోయి తప్పయిందని సెప్పి వస్తా" అన్నాడు. టీచరు ఒప్పుకోలేదు. "వద్దండి. మీరు మళ్ళా ఆ గడప తొక్కితే వీధి మళ్ళా చూస్తాది" అంది. అనుకున్న తీరులో క్షమాపణ చెప్పుకునే అదృష్టం ఆ రోజు మా ఇద్దరికీ లేకపోయింది.

ఆమె సాయంత్రం వచ్చింది. ఈసారి లోపలికి వచ్చి నిలబడింది. గదిలో నేనొక్కణ్ణే ఉన్నాను. రిజిస్టరు ఇచ్చింది నేనేనని, టీచరమ్మ తప్పు లేదని, కాగితాలన్నీ చించేశామని, ఇకమీదట అది ఎవరి చేతికీ పోదని చెప్పాను. పిల్లను ఉంచమని బతిమాలాను. చేతులు జోడించాను కూడా. ఆమె అంతా విన్నది.

"మీరు సెప్పింది బాగుండాది సార్. ఇంగొకరికి ఇట్ట జరగదు. టీసీ ఇయ్యండి" అంది.

టీసీలో బడి మానడానికి కారణమని ఒక గడి ఉంటుంది. "తల్లి కోరిక మేరకు" అని రాశాను. ఆమె కాగితం మడిచి, కొంగులో పెట్టుకుని వెళ్ళిపోయింది.

చైర్మన్ గెలిచాడు. మంచి సర్పంచే అయ్యాడు. బోరు వేయించాడు. ఆ తర్వాత ఎప్పుడు బడికి వచ్చినా గేటు బయటే స్కూటరు ఆపి, లోపలికి రావచ్చా సార్ అని అడిగేవాడు. కొత్త చైర్మన్‌గా ఎన్నికైనామె రాగానే తెలుగు టీచరు రిజిస్టరు బీరువాలో పెట్టి తాళం నాకు ఇచ్చింది. ఆ తాళం రిటైరయ్యేదాకా నా జేబులోనే ఉంది. అన్నీ సర్దుకున్నాయి, రెండో బెంచీ చివర తప్ప. లెక్కల మేష్టరు కొన్నాళ్ళు అలవాటు కొద్దీ అటు చూసి ప్రశ్న అడిగి, నాలుక కరుచుకునేవాడు.

పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు పత్రిక కొన్నాను. నంబర్లే గదా వేస్తారు, పేర్లు ఉండవు. ఆ పిల్ల నంబరు నాకు తెలియదు. అసలు పరీక్ష రాసిందో లేదో తెలియదు. అయినా పేజీ నిండా ఉన్న నంబర్లను చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. రేణిగుంట హైస్కూల్లో నాకు తెలిసిన హెడ్మాస్టరు ఒకాయన ఉన్నాడు. ఒక్క ఫోను చేస్తే చెప్పేవాడు. ఫోను చేతిలోకి తీసుకున్నాను కూడా. ఆమె చెప్పని మాటను ఇంకోచోటి నుంచి రాబట్టబోతున్నానని అప్పుడు తోచింది. పెట్టేశాను.

ఆ వేసవి సర్వేలో నేత వీధి నేనే తీసుకున్నాను. హెడ్మాస్టరు ఎండలో తిరగడమేమిటని మా వాళ్ళు వింతగా చూశారు. ఆమె ఇంటికి వెళ్ళేసరికి మగ్గాలు ఆడుతున్నాయి. నన్ను చూసి లేచి, పీట వేసి, చెంబుతో నీళ్ళు ఇచ్చింది. ముఖంలో పగ లేదు. అడిగినవాటికి జవాబు చెప్పింది. ఇంటి నంబరు చెప్పింది. ఇంట్లో ఎంతమంది అంటే ఒక్కతేనంది. బడి ఈడు పిల్లలు లేరంది.

నేను వెంటనే లేవలేకపోయాను. పెన్ను రిమార్కుల కాలమ్ మీద పెట్టి అలాగే కూర్చున్నాను. ఆమె పిల్ల పాసైందా, చదువుతోందా, ఎక్కడుంది, ఒక్క మాట చెప్తుందేమోనని చూశాను. ఎప్పుడో ఒక టీచరు పక్కన కూర్చుంటే మనసులో ఉన్నదంతా చెప్పుకున్న మనిషి ఆమె.

"ఇంకేమన్నా రాసుకోమంటావా అమ్మా?" అని అడిగాను.

కండె చుడుతూనే తల అడ్డంగా ఊపింది. "ఏమీ లేదు సార్."

ఏమీ లేదు అని రాశాను. ఆ పేజీ మొదటి నుంచి చివరిదాకా చదివి, కింద సంతకం పెట్టాను.